నల్లమలలో ఎండలు, వానలు

వేసవి అడవి మృగములకెల్ల కష్టకాలమని మనము సామాన్యముగా తలతుము. దుప్పి విషయమున నిది నిజమే. పులి విషయమున మాత్రము విచారింపవలసి యున్నది.

నల్లమల ఆకురాల్చు అడవి. ఎండలు ముదురునప్పటికి చెట్లు మోడులై, వాగులెండి, అక్కడక్కడ మడుగులు మాత్రము మిగులును. వానదినములలో అడవియంతట చెదరియుండిన దుప్పులు, కణుజులు, అడవిపందులు ఆ మడుగులచుట్టు చేరును. పులికి తిరుగులాట తగ్గును; నీటియొద్ద పొదచాటున పొంచియుండిన చాలును. వేడికి తానును ఓర్వలేక, పట్టపగలు వెనుకకాళ్లతో మడుగులో దిగి మెడవఱకు మునిగి కూర్చుండును. పులి నీటికి జంకునని తలచువారు పిల్లిని చూచి యట్లు తలతురు కాబోలు! రేచుకుక్కలు చలికాలమున ఈనును. పిల్లలకు మాంసము కావలసిన వేళకు ఎండలు వచ్చును.

అట్లని దుప్పికి దిక్కులేదనరాదు. చైత్రమున ఇప్పపూలు రాలును. కొండముచ్చులు కొమ్మలపై మేయుచు సగము కొఱికి విడుచు ఆకులు, కాయలు దానికి ఆహారమగును. అంతకంటె మేలు మఱియొకటి కలదు. చెట్టుమీది కొండముచ్చు చిఱుతను దూరముననే కనిపెట్టి అఱచును. ఆ కేకను దుప్పి యెఱుగును.

ఆషాఢమున వానలు పడగానే లెక్క తాఱుమాఱగును. పల్లమున నీరు, మిట్టను పచ్చిక, మందలు చెదరిపోవును. ఏపుగా పెరిగిన గడ్డి పులికి మఱుగే కాని, దుప్పిపిల్లకును అదే మఱుగు. ఏ ఋతువునందైనను పులివేట పెక్కుసారులు తప్పిపోవును. వానకాలమున వెదకుటయే గొప్పపని.

ఇక మన సంగతి. వేసవిలో అడవియంచు గ్రామముల పశువులును ఆ మడుగులకే పోవును. మంద దిగినచోట దుప్పి నిలువదు. పులియెదుట మిగులునది మన దూడ. కోపముచే కొందఱు ఆ కళేబరమున విషము కలుపుదురు. ఆడుపులి చచ్చినచో దాని పిల్లలును నశించును. అవి దాదాపు రెండేండ్లు తల్లినే నమ్ముకొని యుండును. రాబందులు, నక్కలు సైతము ఆ విషమునకు బలియగును.

ఈ అడవి 1983లో పులుల సంరక్షణ ప్రణాళికలో చేరినది. రాష్ట్రవిభజనానంతరము తెలంగాణభాగము అమరాబాదు పేర వేఱుపడినది. వేసవిలో అటవీశాఖవారు తొట్లలో నీరు పోయింతురు. పులి చంపిన పశువునకు పరిహారము కలదు. కళేబరమును కదలింపక వెంటనే వారికి తెలుపవలెను. పశువులను తెల్లవారుజామునను, ప్రొద్దు క్రుంకిన పిదపను మడుగునకు తోలరాదు. వేటకు పులి బయలుదేరు వేళలు ముఖ్యముగా అవియే.