హేరోదు రాజుకి గురువారమే వీలు!

పలాస అనగానే మీలో చాలామందికి 2020లో వచ్చిన కరుణకుమార్ సినిమా 'పలాస 1978' గుర్తొస్తుంది. 2025లో 'తండేల్' చూసినవాళ్లకి శ్రీకాకుళం జిల్లా బెస్తవాళ్లూ, వాళ్ల కష్టాలూ కూడా తెలిసే ఉంటాయి. కత్తులు చూశారు, కెరటాలు చూశారు... మరి మా ఉద్దానం క్రిస్మస్ చూశారా? చూసి ఉండరు! అది ఏటా మా పెద్దనాన్న పెరట్లో మాత్రమే ఆడుతుంది. ఒక్కటే ప్రింటు!

కాశీబుగ్గలో ఆటో ఎక్కి, జీడిపిక్కలు కాల్చే ఘాటు వాసన వెనకపడేదాకా వెళ్తే, ఇక రెండు పక్కలా జీడితోటలు, కొబ్బరితోటలు, పనసచెట్లు. వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రం హోరు వినబడేంత దూరంలో మా ఊరు. తాతకి ఏడుగురు సంతానం. అల్లుళ్లు, కోడళ్లు, మనవలు, మునిమనవలతో ఇప్పటి లెక్క 43. అందరికీ ఊళ్లో పనెక్కడిది? చెన్నైలో కొందరు, హైదరాబాదులో కొందరు, ముంబైలో ఒకరు, విశాఖలో ఇద్దరు. మా చిన్నత్త వాళ్లది టెక్కలి. కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే ఇద్దరు వదినలకి 25న తప్ప సెలవు దొరకదు. హైదరాబాదు వాళ్లకి 25 దాటితేగాని దొరకదు! అందుకే మా పండగ మూడు ఆటలుగా నడుస్తుంది. డిసెంబరు 1న వెదురుబద్దలకి రంగుకాగితాలు అంటించి స్టార్ కట్టడంతో మొదలై, 31 రాత్రి ఆరాధన దాటి, భోగినాడు స్టార్ దించేదాకా సాగుతుంది. పెద్దబావ వైపు వాళ్లు హిందువులు. సంక్రాంతికి మేమంతా వాళ్లింటికి పోతాం. మా క్రిస్మస్ నాటకంలో ముగ్గురు జ్ఞానుల్లో ఒకరి వేషం మాత్రం ఎప్పుడూ వాళ్లదే. రాసుకున్న ఒప్పందమేమీ లేదు, అలా అయిపోయింది.

అన్నట్టు, ఈ వైపు క్రైస్తవం ఎక్కువగా కెనడా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీల వల్ల పాకింది. శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట వాళ్ల కేంద్రాలు. సోంపేటలో డాక్టర్ బెన్ గల్లిసన్ చేసే కంటి ఆపరేషన్లకి సాయం చెయ్యడానికే 1963లో కెనడాలో 'ఆపరేషన్ ఐసైట్' అనే సంస్థ పుట్టింది. మా మామ్మకి శుక్లాలు తీసిందీ సోంపేటలోనే. మిషన్ బంగళాల్లో ఉండే దొరసానుల్ని జనం 'మిస్సమ్మ' అనేవారు. ఆ మాటనే విజయా వారు 1955లో సినిమాకి పేరుగా పెట్టి, సావిత్రిని మేరీని చేశారు. మా మామ్మ ఆ సినిమా చూసొచ్చి, "మన మిస్సమ్మ ఇంత అందంగా నేదే!" అందట.

ఇక నాటకం సంగతి. దర్శకత్వం, మాటలు, ప్రధాన ప్రతినాయకుడు... అన్నీ మా పెద్దనాన్నే. హేరోదు రాజు వేషం! కుర్రతనం నుంచీ ఆయనే వేస్తున్నాడు. గొంతు 'మాయాబజార్' ఎస్వీ రంగారావు దగ్గర అప్పు తెచ్చుకున్నది. బాలయేసు వేషం ఇంట్లో అందరికన్నా చిన్నవాడికి వెళ్తుంది. బంగారం, సాంబ్రాణి దొరికాయిగాని బోళం ఎప్పుడూ దొరకలేదు. దాని బదులు జీడిపప్పు డబ్బా! నాటకం అయ్యాక అదే తెరమీద 'కరుణామయుడు'. భీంసింగ్ దర్శకత్వంలో విజయచందర్ క్రీస్తుగా నటించిన ఆ సినిమా 1978 డిసెంబరులో విడుదలైంది. పాపం, భీంసింగ్ దాన్ని తెరమీద చూసుకోలేదు. ఆ ఏడు జనవరిలోనే కన్నుమూశారు. పెద్దనాన్న టెక్కలి వెళ్లి మరీ చూసొచ్చాడు. తర్వాత ప్రొజెక్టర్లతో ఊరూరా వేసేవారు. మా పిల్లలకి డైలాగులన్నీ నోటికి వచ్చు.

తెర కట్టేందుకు పెరట్లో రెండు కొబ్బరిచెట్లుండేవి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. ఒక చెట్టు పోయింది. ఇప్పుడు తెర ఒక కొస చెట్టుకి, ఇంకో కొస వెదురుగెడకి.

ఇంతకన్నా పెద్ద దెబ్బ ఇంకోటుంది. ఉద్దానం పేరు చెబితే సినిమాలకన్నా ముందు కిడ్నీ జబ్బు గుర్తొస్తుంది చాలామందికి. షుగరూ బీపీ లేని రైతులకీ, కూలీలకీ కూడా మూత్రపిండాలు మెల్లగా పాడైపోతాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. మా పెద్దనాన్న డయాలసిస్ పేషెంటు. సోమ, బుధ, శుక్రవారాలు, పోయినప్పుడల్లా నాలుగు గంటలు మిషను పక్కన. కొబ్బరితోట వేసిన మనిషి... వచ్చినవాళ్లందరికీ బొండాలు తనే కొట్టి ఇస్తాడు. తను ఒక్క గుక్క తాగకూడదు. పొటాషియం! పెద్దమ్మ పండగ కూర ఉప్పు లేకుండానే వండుతుంది, మనకి కావలసిన ఉప్పు విస్తట్లో ఓ పక్కన వేస్తుంది. మొదటి ఏడు ముద్ద దిగలేదు. ఇప్పుడు ఎవరూ ఆ మాటే ఎత్తరు.

2024లో వచ్చిపడింది చిక్కు. 25 బుధవారం!

పెద్దనాన్న నవంబరులోనే అందరికీ ఫోన్లు చేశాడు. "ఈపాలి పండగ బుధారం పడింది. నాను పలాసలో ఉంటాను. మీరు కానిచ్చీయండి."

చిన్నత్త ఊరుకుంటుందా? "నువ్వు నేకుండా ఏటి కానిచ్చీడం అన్నియ్యా? గురువారం సేద్దుం."

ఆరేళ్ల మనవడికి సందేహం వచ్చింది. "మరి ఏసయ్య పుట్టింది 25న కదా?"

"జ్ఞానులు కూడా ఆలీసంగానే వచ్చినార్రా!" అంది అత్త. తీర్మానం పాసయింది.

25న గుడికి వెళ్లి ఆరాధన చేసుకొచ్చాం. ఫ్యాక్టరీ వదినలు ఆ రాత్రే పిండివంటలు తిని వెళ్లిపోయారు. విందూ, నాటకమూ 26 గురువారం. ప్లాస్టిక్ కుర్చీ మీద పెద్దమ్మ పెళ్లినాటి పట్టుచీర కప్పితే అదే సింహాసనం. ఇదివరకు హేరోదు పెరడంతా తిరుగుతూ గర్జించేవాడు. ఇప్పుడు కూర్చునే చెప్పాడు. డైలాగు మరిచిపోతే అందించడానికి కుర్చీ వెనక ఓ మనవడు. వాడి అవసరమే రాలేదు. చివర్లో ఆ ప్రసిద్ధమైన నవ్వు మొదలుపెట్టి సగంలో ఆగిపోయాడు... ఆయాసం. పెద్దమ్మ లేచి నిలబడింది. అంతలో పక్కనున్న ఇద్దరు బంట్లు, అంటే మనవలే, నాటకంలో ఉన్నట్టే పకపకా నవ్వేశారు. పెద్దనాన్న ఊపిరి పీల్చుకుని కళ్లెర్రజేశాడు.

"రాజు నవ్వుతంటే బంట్లు నవ్వకూడదురా!" అని, మిగతా సగం నవ్వూ పూర్తిచేశాడు. ఆ పెరట్లో ఈలలు చూడాలి!

శుక్రవారం తెల్లారి ఒకే ఆటోలో ఇరుక్కుని పలాస బయల్దేరాం. హైదరాబాదు వాళ్లు స్టేషనుకి, పెద్దనాన్న ఆసుపత్రికి. నేను ఆయనకి తోడు. కాటుకతో దిద్దిన హేరోదు మీసం పూర్తిగా చెరగలేదు.

"ఏటి తాతా, మీసానికి రంగేసినావా?" అంది నర్సమ్మ.

"రాత్రి రాజునమ్మా," అని చెయ్యి చాచాడు.

2025 జనవరి 1 కూడా బుధవారమే. మాకు కొత్త సంవత్సరం రెండో తారీకున వచ్చింది.