కాటుక రేకుల పొడ

పులిని చూడాలంటే నల్లమల దాకా పోవాలి. రక్తపింజరిని చూడటానికి అంత ప్రయాస అక్కరలేదు. దొడ్లో గడ్డివామి దాకా వెడితే చాలు. ధాన్యమున్నచోట ఎలుక, ఎలుక ఉన్నచోట పింజరి.

శాస్త్రలోకం ఈ పామును రస్సెల్ పేరుతో పిలుస్తుంది. పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు 18వ శతాబ్ది చివర విశాఖపట్నంలో ఉండి, కోరమాండల్ తీరపు పాములను సేకరించి, బొమ్మలతో సహా 1796లో గ్రంథం అచ్చువేయించాడు. అందులో ఆయన దీనికి రాసుకున్న పేరేమిటో తెలుసునా? 'కాటుక రేకుల పొడ'! ఏ తెలుగువాడి నోట విన్నాడో గాని, గోధుమవన్నె ఒంటిమీద మూడు వరసలుగా, అంచులకు కాటుక దిద్దినట్లుండే ఆ కోలమచ్చలకు ఇంతకంటె మంచి ఆనవాలు చెప్పడం నావంటి తెలుగు మేష్టరుకు చేతకాదు. ఆ మచ్చలు గుర్తుపట్టలేకనే కొందరు దాన్ని కొండచిలువ పిల్ల అనుకుని కర్రతో కదపబోతారు.

ఒక భోగినాడు తెల్లవారుజామున మా పిన్ని మంటకోసం పిడకల గూట్లో చెయ్యి పెట్టబోయింది. లోపల కుక్కరు ఆవిరి వదిలినట్లు ఒకటే బుస! ఆవిడ గతుక్కుమని వెనక్కి తగ్గింది. లాంతరు తెచ్చి చూస్తే పింజరి చుట్టచుట్టుకుని అక్కడే ఉంది. తాచయితే జారుకునేదేమో, ఇది కదలదు, బుసకొట్టి హెచ్చరిస్తుంది. చీకట్లో చెప్పుల్లేకుండా నడిచేవాడికి ఆ బుస వినపడేసరికే అడుగు పడిపోయి ఉంటుంది. 2000 నుంచి 2019 దాకా మనదేశంలో సుమారు 12 లక్షలమంది పాముకాటుతో పోయారని పరిశోధకుల అంచనా. అందులో పల్లెటూళ్లవారే ఎక్కువ.

పింజరి విషం ఎక్కితే రక్తానికి గడ్డకట్టే గుణం పోతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఆస్పత్రిలో 2 మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన గాజుగొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. వంచినప్పుడు ఇంకా నీళ్లలా జారిందంటే విషం ఎక్కినట్లే. అటువంటి రక్తమున్న ఒంటిమీద బ్లేడుతో గాటు పెట్టడమంటే ఏమనాలి! బిగించి తాడు కట్టినా వాచిన కాలికే ముప్పు. పామును చంపి, సంచిలో వేసుకుని డాక్టరుకు చూపాలని అరగంట వెతికేవారున్నారు. ఆ అవసరం లేదు. మన ఆస్పత్రుల్లో ఇచ్చే విరుగుడు మందు తాచుకూ, కట్లపాముకూ, రక్తపింజరికీ, చిన్నపింజరికీ ఒక్కటే. కరిచిన కాలు కదపనివ్వకుండా మనిషిని మోసుకుని తిన్నగా ఆస్పత్రికి పోవాలి, మంత్రగాడి ఇల్లు దారిలోనే ఉన్నా సరే.