ఎడారిలో ఒకటిన్నర యూనిట్ల కాపురం

చలికాలం సెలవులొస్తే మేం ఫీనిక్స్ నుంచి పడమరగా రెండు గంటల దూరంలోని క్వార్ట్‌జైట్‌కి మా ట్రైలర్ లాక్కెళ్తాం. మంచాలు, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్ ఉన్న చక్రాల ఇల్లు అది. అమెరికాలో ఇలాంటి బళ్లన్నిటినీ ఆర్వీలంటారు. క్వార్ట్‌జైట్ చుట్టూ ఎడారిలో 14 రోజుల దాకా ఉచితంగా మకాం పెట్టుకోనిచ్చే ప్రభుత్వ భూములున్నాయి. అక్కడ కుళాయి ఉండదు, కరెంటు స్తంభం ఉండదు.

“ఎన్ని సోలార్ ప్యానెళ్లు పెట్టించారు?” అని అందరూ అడుగుతారు. నేనైతే ముందు రోజువారీ వాడకం యూనిట్లలో లెక్క రాసుకోమంటాను. మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే, అంటే వెయ్యి వాట్-అవర్లు.

అల్లం పచ్చడి రుబ్బుతుంటే మిక్సీ మోతకి ట్రైలరంతా అదురుతుంది. కానీ 500 వాట్ల మిక్సీ ఐదు నిమిషాలు తిరిగితే అయ్యేది 40 వాట్-అవర్లు. మూల నోరెత్తకుండా ఉండే 12 వోల్టుల ఫ్రిజ్ మాత్రం రోజుకి 650 దాకా లాగేస్తుంది. హీటర్ మండేది గ్యాస్‌తోనే అయినా, వేడిగాలి తోసే ఫ్యాన్‌కి రాత్రికి ఓ 350. లైట్లు, నీళ్ల పంపు, ఫోన్లు, మావారి లాప్‌టాప్ కలిసి మరో 300. ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉన్నా 20 వాట్లు తింటుంది. రోజంతా వదిలేస్తే అదే అర యూనిట్‌కి దగ్గర. అందుకే పని కాగానే ఆపేస్తాం. అన్నీ కలిపి ఒకటిన్నర యూనిట్లు అనుకోండి.

ఇక రాబడి. డిసెంబరు మిట్టమధ్యాహ్నం కూడా ఇక్కడి సూర్యుడు దక్షిణాన 35 డిగ్రీల ఎత్తు దాటడు. పైకప్పు మీద బల్లపరుపుగా పడుకోబెట్టిన ప్యానెల్‌కి రోజు మొత్తమ్మీద మూడు గంటల నిండు ఎండతో సమానమైన వెలుగే దక్కుతుంది. వేడి, దుమ్ము, వైర్ల నష్టాలు పోగా 100 వాట్ల ప్యానెల్ ఇచ్చేది సుమారు 225 వాట్-అవర్లు. ఆ లెక్కన ఏడు ప్యానెళ్లు కావాలి. అవే ప్యానెళ్లను దక్షిణం వైపు ఏటవాలుగా లేపితే ఐదు గంటల ఎండ అందుతుంది, నాలుగు సరిపోతాయి. నిచ్చెనెక్కి వాటిని నిలబెట్టే కాళ్లు బిగించడం మావారికి చిరాకే గానీ, మూడు ప్యానెళ్ల డబ్బు మిగిలింది మరి! పైనున్న ఏసీ డబ్బా నీడ ప్యానెల్‌లో ఓ మూల పడ్డా రాబడి అమాంతం పడిపోతుంది. బండి నిలిపేటప్పుడే అది చూసుకోవాలి.

బ్యాటరీకొస్తే, 100 ఆంపియర్-అవర్ల లిథియం ఒక్కోటి 1,280 వాట్-అవర్లు దాచుకుంటుంది. రెండుంటే ఒకరోజు మబ్బేసినా గడుస్తుంది. పాత లెడ్-యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి, లేకపోతే తొందరగా పాడవుతుంది.

“అయితే ఎండాకాలం ఏసీ వేయవుటే?” అంది అమ్మ.

“పదమూడు వందల వాట్లమ్మా అది. ఎనిమిది గంటలేస్తే పది యూనిట్లు.”

అన్ని ప్యానెళ్లకి పైకప్పు మీద చోటేదీ? జూన్‌లో మేం ఉత్తరాన ఏడువేల అడుగుల ఎత్తున్న ఫ్లాగ్‌స్టాఫ్ దారి పడతాం. అక్కడ రాత్రి దుప్పటి కప్పుకోవాల్సిందే.