నేల కుదిరాకే ప్రయాణం

ఇన్‌స్టాగ్రామ్‌లో వెండిలా మెరిసే పాత ట్రావెల్ ట్రైలర్లని మీరూ చూసే ఉంటారు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లన్నమాట. 1969లో చంద్రుడి దగ్గర్నుంచి తిరిగొచ్చిన అపోలో 11 వ్యోమగాముల్ని క్వారంటైన్‌లో ఉంచింది కూడా ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్‌ని మార్చి తయారుచేసిన గదిలోనే! అమెరికాలో యాభై, అరవై ఏళ్ల నాటి ట్రైలర్లు కొని, సొంతంగా బాగుచేసుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. అయితే ఫొటోల్లో ఎవరూ పట్టించుకోనిది ఒకటుంది... నేల. అసలు పనంతా అక్కడే.

డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న నేనూ, నా రూమ్మేటూ కలిసి 1967 నాటి 20 అడుగుల అల్యూమినియం ట్రైలర్ కొన్నాం. నేల పోయిందని తెలిసే కొన్నాం. అందుకే చవగ్గా వచ్చింది.

స్క్రూడ్రైవర్ టెస్ట్

పాత ట్రైలర్ కొనాలనుకుంటే జేబులో ఒక స్క్రూడ్రైవర్ పెట్టుకెళ్లండి. తలుపు దగ్గర, కిటికీల కింద, చక్రాల పక్కన, వెనక అంచున నేలని గుచ్చి చూడండి. మంచి చెక్కయితే మొన ఆగిపోతుంది. కుళ్లిందయితే టీలో నానిన బిస్కెట్‌లోకి దిగినట్టు దిగిపోతుంది. మాది నడిమధ్యలో రాయిలా ఉంది, చుట్టూ అంచులు మాత్రం నల్లగా పొడిపొడి. కిటికీ రబ్బరు దాటిన వాన నీళ్లు లోపలి గోడ వెనక నుంచి జారి, నేరుగా ప్లైవుడ్ అంచుకే చేరతాయి మరి.

ఒక జాగ్రత్త. ఆ కాలం నాటి ఫ్లోర్ టైల్స్‌లో, వాటి జిగురులో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. గీకేముందు చిన్న ముక్క ల్యాబ్‌కి పంపి టెస్ట్ చేయించాలి. ఎలుకల గూళ్లు కనబడితే మాస్కు, గ్లౌజులు తప్పనిసరి.

అతుకు వేస్తే చాలదా?

చాలదు. ఇలాంటి ట్రైలర్లలో అల్యూమినియం గోడల అడుగున ఒక పట్టీ ఉంటుంది. ఆ పట్టీ, దాని కింద ప్లైవుడ్, ఆ కింద ఇనుప ఫ్రేమ్... మూడింటినీ కలిపి బోల్టులు బిగిస్తారు. అంటే పైడొప్పనీ ఫ్రేమ్‌నీ కలిపి పట్టుకునేది నేలే. అది కుళ్లితే బోల్టు పట్టుకోవడానికి ఏమీ మిగలదు. హైవే మీద డొప్ప ఒక రకంగా, ఫ్రేమ్ ఇంకో రకంగా ఊగుతాయి. పైన కొత్త వినైల్ పరిస్తే అందంగానే ఉంటుంది, ప్రమాదం మాత్రం అలాగే ఉంటుంది.

అందుకే ముందు కిటికీల లీకులు ఆపి, పైపుతో గంటసేపు నీళ్లు కొట్టి చూశాం. బగ్ ఎక్కడుందో చూడకుండా సర్వర్ రీస్టార్ట్ చేస్తే ఏమవుతుందో మనకి తెలుసు కదా! తర్వాత ట్రైలర్‌ని స్టాండ్ల మీద నిలబెట్టి లెవెల్ చేశాం. డొప్ప ఆకారం చెడకుండా లోపల కర్రలతో అడ్డంగా ఆసరా కట్టి, కుళ్లిన నేలని కోయడం మొదలుపెట్టాం.

సగం నేల, 60 రోజులు

సగం నేల తీసేశాక ఒక మంగళవారం పొద్దున కంపెనీ నుంచి పదిహేను నిమిషాల మీటింగ్ పిలుపొచ్చింది. ఉద్యోగం పోయింది. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకి ఆ తర్వాత ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఈలోపు కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వేరే దారి చూసుకోవాలి, లేదా ఇంటికెళ్లాలి.

అమ్మేద్దామంటే నేల లేని ట్రైలర్‌ని రోడ్డెక్కించలేం. మిగిలింది తూకానికి తుక్కు కింద ఇచ్చేయడం. అందులో నా డబ్బే కాదు, రూమ్మేట్ డబ్బూ ఉంది. నేను వెళ్లాల్సొచ్చినా బండి కదిలే స్థితిలో ఉండాలి అనుకున్నాం. పొద్దున అప్లికేషన్లు, మధ్యాహ్నం ఇంటర్వ్యూలు, సాయంత్రం నేల.

నాన్న వీడియో కాల్

మా నాన్న తెనాలి దగ్గర వడ్రంగి. ఉద్యోగం సంగతి విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏదీ, ఆ చెక్క చూపించు" అన్నారు.

ఫ్రేమ్ తుప్పు గీకి రంగు వేయడం అప్పటికే అయిపోయింది. పాత నేల 5/8 అంగుళం మందం, కొత్తదీ అంతే ఉండాలి. లేకపోతే తలుపు, గోడ పట్టీ ఏవీ కుదరవు. 4 అడుగుల వెడల్పు షీట్లు అడ్డంగా పరిస్తే 20 అడుగులకి ఐదు. నీళ్లకి తట్టుకుంటుందని చాలామంది రసాయనం పట్టించిన ప్రెజర్ ట్రీటెడ్ చెక్క వాడబోతారు. అందులో సాధారణంగా ఉండే రాగి, తడి తగిలితే అల్యూమినియంని తినేస్తుంది. మేం మెరైన్ ప్లైవుడ్ తీసుకున్నాం.

"చెక్క నీళ్లు తాగేది మొహం మీద నుంచి కాదురా, చివర్ల నుంచి. ముందు చివర్లకి పట్టించు" అన్నారు నాన్న. ప్రతి అంచుకీ, ప్రతి బోల్టు కన్నం లోపలా ఎపాక్సీ పట్టించాం. గుండ్రటి మూలలకి ముందు అట్టముక్కతో నమూనా కోసి, సరిగ్గా కూర్చున్నాకే ప్లైవుడ్ కోశాం. షీటు, షీటు కలిసే చోట కింద మరో ప్లైవుడ్ పట్టీని జిగురుతో, స్క్రూలతో బిగించాం. నేల మొత్తం ఒకేసారి తీయకుండా, ఒక షీటు కుదిరాక రెండోది. నేను పైన బోల్టు పట్టుకుంటే రూమ్మేట్ కింద పడుకుని నట్టు తిప్పేవాడు.

అయిదో షీటు 44వ రోజున పడింది. కొత్త కంపెనీ పిటిషన్ 52వ రోజున పడింది. మధ్యలో ఆ ఎనిమిది రోజులూ ఫోన్ మోగితే గుండె ఆగినంత పనయ్యేది. అయినా ఏ సాయంత్రమూ ఖాళీగా కూర్చోలేదు, బోల్టులు మళ్లీ మళ్లీ బిగిస్తూనే ఉన్నాం.

ఇప్పటికీ లోపల మంచం లేదు, స్టవ్ లేదు. పోయిన నెల దగ్గర్లోని చెరువు దాకా లాక్కెళ్లి, ఉత్త ప్లైవుడ్ మీద చాప వేసుకుని పడుకున్నాం. రాత్రి గట్టి వాన. తెల్లారి లేచి నాలుగు మూలలూ చేత్తో తడిమి చూశాం. పొడిగా ఉన్నాయి.