మసాజ్‌లో ఆ టపటప చప్పుడెందుకు?

బల్ల మీద బోర్లా పడుకున్న మనిషి వీపుపై టపటపా చప్పుడు! కొడుతున్నారేమో అనుకునేరు. స్వీడిష్ మసాజ్‌లో అదీ ఒక పద్ధతే. అరచేతుల్ని గుంటగా వంచి, మణికట్టు వదులుగా ఉంచి తడతారు కాబట్టి చప్పుడే ఎక్కువ, నొప్పి ఉండదు.

స్వీడన్ పేరు రావడానికి కారణం పేర్ హెన్రిక్ లింగ్. కత్తిసాము నేర్పే ఈయన 1813లో స్టాక్‌హోమ్‌లో వ్యాయామ విద్యాసంస్థ పెట్టాడు. కానీ ఇప్పటి పద్ధతులను ఒక వరుసలో కూర్చిన ఘనత చాలామంది నెదర్లాండ్స్ డాక్టర్ యోహాన్ మెజ్గర్‌కే ఇస్తారు. పేరొకరిది, పని ఇంకొకరిది!

ముందు నూనె రాసి, గుండె వైపుగా పొడవుగా నిమురుతారు. నూనె లేకపోతే చర్మం లాగినట్టయి మంట పుడుతుంది. కండరం కాస్త వెచ్చబడ్డాక చపాతీ పిండిలా పట్టి పిసుకుతారు. గట్టిపడ్డ చోట బొటనవేలితో చిన్న చిన్న సున్నాలు చుడుతూ నొక్కి రుద్దుతారు. వణికించడం, తట్టడం కూడా ఉంటాయి.

లాభమేమిటంటే, మనసు తేలికపడుతుంది, ఆటల తర్వాతి ఒళ్లునొప్పులు కొంత తగ్గుతాయి. ‘లాక్టిక్ ఆమ్లాన్ని పిండేస్తుంది’ అన్న మాట మాత్రం నమ్మక్కర్లేదు; ఆట ఆపిన గంటా రెండు గంటల్లో ఒళ్లే దాన్ని వాడేసుకుంటుంది.

జ్వరం, గాయం, విరిగిన ఎముక ఉంటే మసాజ్ వద్దు. కాలి సిరలో రక్తం గడ్డకట్టి ఉంటే మరీ ప్రమాదం: రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి చేరవచ్చు.