సమన్లు అందకుండా వచ్చిన డిక్రీ

సివిల్ దావాలో ప్రతివాది హాజరు కాకపోతే కోర్టు వాది వైపు సాక్ష్యం మాత్రమే విని తీర్పు చెప్పవచ్చు. అలా వచ్చేదే ఎక్స్‌పార్టీ డిక్రీ. ప్రోనోటు బాకీ, పొలం సరిహద్దు తగాదా, కౌలు బకాయి, ఇల్లు ఖాళీ చేయించడం వంటి దావాల్లో ఇది తరచూ వస్తుంది. రద్దయ్యేదాకా దీనికి మామూలు డిక్రీకి ఉన్నంత బలమూ ఉంటుంది. దీన్ని పట్టుకుని వాది ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేసి ప్రతివాది ఆస్తిని జప్తు చేయించి వేలానికి పెట్టించవచ్చు. అందుకే ముందుగా దావా సంగతి ప్రతివాదికి తెలియాలని 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ పట్టుబడుతుంది. అలా తెలియజేసే పత్రమే సమన్లు.

సమన్లతోపాటు దావా నకలు కూడా ఇవ్వాలి. అవి అందిన 30 రోజుల్లో ప్రతివాది రాతపూర్వకంగా జవాబు దాఖలు చేయాలి. తగిన కారణం ఉంటే కోర్టు ఆ గడువును 90 రోజుల దాకా పొడిగించవచ్చు. సమన్లను కోర్టు ప్రాసెస్ సర్వర్ తెచ్చి ఇవ్వవచ్చు. రిజిస్టర్డ్ పోస్టు, స్పీడ్ పోస్టు, కొరియర్ ద్వారా కూడా పంపవచ్చు. కోర్టు అనుమతిస్తే వాదే స్వయంగా అందజేయవచ్చు. వీలైనంతవరకు ప్రతివాది చేతికే ఇవ్వాలి. అతను ఇంట్లో లేక, త్వరలో దొరికే సూచన కూడా లేకపోతే, అతనితో కలిసి ఉంటున్న వయోజన కుటుంబ సభ్యులకు ఇవ్వవచ్చు. 1976 సవరణకు ముందు ఇంట్లోని మగవారికే ఇవ్వాల్సి ఉండేది. ఇప్పుడు ఆడవారికి ఇచ్చినా చెల్లుతుంది. పనివారికి ఇస్తే మాత్రం చెల్లదు.

తీసుకునేవారెవరూ దొరకనప్పుడు, లేదా ప్రతివాది సంతకం పెట్టనన్నప్పుడు, ప్రాసెస్ సర్వర్ నకలును వీధి తలుపుకు అతికించాలి. ఇల్లు ఎవరు చూపించారో, ఎవరి సమక్షంలో అతికించారో పేరు, చిరునామాలతో నివేదికలో రాయాలి. ఆ ఇల్లు ప్రతివాది మామూలుగా నివసించేదో, వ్యాపారం లేదా పని చేసుకునే చోటో అయి ఉండాలి. కృష్ణా డెల్టా ఊళ్లలో చిక్కు వచ్చేది ఇక్కడే. మొవ్వ మండలం కూచిపూడిలో తాతల నాటి ఇల్లు ఉండి, ఏళ్లుగా హైదరాబాద్‌లో కాపురం ఉంటున్న వ్యక్తి మీద దావా పడిందనుకుందాం. తాళం వేసిన ఆ ఇంటి తలుపుకు కాగితం అతికించినంత మాత్రాన సమన్లు సక్రమంగా అందినట్టు కాదు. అతను అమెరికాలో ఉంటే అక్కడి చిరునామాకే పంపాలి. సమన్లను విదేశాలకు పంపడంపై 1965లో కుదిరిన హేగ్ ఒప్పందం భారత్‌కు 2007 ఆగస్టు 1 నుంచి వర్తిస్తోంది. ఒప్పందంలో చేరిన దేశాలకు కేంద్ర న్యాయ మంత్రిత్వ శాఖ ద్వారా సమన్లు పంపే వీలుంది.

ప్రతివాది కావాలనే తప్పించుకు తిరుగుతున్నాడని నమ్మినప్పుడు కోర్టు పత్రికా ప్రకటనకు, కోర్టు ఆవరణలో నోటీసు అతికించడానికి ఉత్తర్వు ఇస్తుంది. సమన్లు పుచ్చుకోకపోతే కేసు నడవదన్న నమ్మకం జనంలో ఉంది. అది పొరపాటు. ‘తీసుకోవడానికి నిరాకరించారు’ అన్న రాతతో కవరు తిరిగివస్తే, సమన్లు అందినట్టే కోర్టు ప్రకటిస్తుంది.

డిక్రీ రాకముందే తెలిస్తే, గైర్హాజరుకు తగిన కారణం చూపి మళ్లీ దావాలో పాల్గొనవచ్చు. డిక్రీ వచ్చేశాక దారి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 9, రూల్ 13. దాని కింద రద్దుకు రెండు కారణాలే ఉన్నాయి: సమన్లు సక్రమంగా అందకపోవడం, లేదా తీవ్ర అనారోగ్యం వంటి బలమైన కారణం వల్ల వాయిదాకు రాలేకపోవడం. పిటిషన్‌కు గడువు డిక్రీ తేదీ నుంచి 30 రోజులు. సమన్లు సక్రమంగా అందకపోతే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క. ఆలస్యమైతే దాన్ని మన్నించమని విడిగా పిటిషన్ వేయాలి. తమిళనాడుకు చెందిన కేసులో 883 రోజుల ఆలస్యాన్ని సైతం సుప్రీంకోర్టు 1998లో మన్నించింది. రోజుల సంఖ్య కన్నా కారణంలోని నిజాయితీ ముఖ్యమంది.

సమన్లు ఇచ్చిన తీరులో చిన్న లోపం ఉన్నంత మాత్రాన డిక్రీ రద్దు కాదు. విచారణ తేదీ ప్రతివాదికి తెలిసి, రావడానికి తగినంత సమయం కూడా ఉంటే ఆ లోపాన్ని కోర్టు పట్టించుకోదు. అయితే కేసు ఉందని తెలిస్తే చాలదని, విచారణ తేదీ తెలిసి ఉండాలని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో ప్రతివాది నిరాకరించాడంటూ నివేదిక ఇచ్చారు గానీ సమన్లకు దావా నకలు జతచేయలేదు, తలుపుకూ అతికించలేదు. ఎక్స్‌పార్టీ డిక్రీ నిలవలేదు. 2011లో ఒక విడాకుల కేసులో, తెలిసి తెలిసి సమన్లు నిరాకరించినవారికి అదే కోర్టు ఊరట ఇవ్వలేదు.

వాదికి నోటీసు ఇచ్చి అతని మాట వినకుండా డిక్రీని రద్దు చేయకూడదు. రద్దు చేసేటప్పుడు ఖర్చులు చెల్లించాలనో, కొంత సొమ్ము డిపాజిట్ చేయాలనో కోర్టు షరతు పెట్టవచ్చు. రద్దయినంత మాత్రాన ప్రతివాది గెలిచినట్టు కాదు. దావా మళ్లీ విచారణకు వస్తుంది. పిటిషన్ కొట్టేస్తే ఆ ఉత్తర్వు మీద అప్పీలు చేసుకోవచ్చు. డిక్రీ మీదే నేరుగా అప్పీలుకూ వెళ్లవచ్చు గానీ, ఆ అప్పీలు ఉపసంహరణతో కాక మరో విధంగా ముగిస్తే రూల్ 13 దారి మూసుకుపోతుంది. పిటిషన్ వేసినంతనే ఈపీ ఆగదు. స్టే విడిగా తెచ్చుకోవాలి. ఈలోగా సొమ్మో, పొలమో వాది చేతికి వెళ్లి, ఆ తర్వాత డిక్రీ రద్దయితే, అదే కోడ్ 144వ సెక్షన్ కింద దాన్ని తిరిగి ఇప్పించమని ప్రతివాది కోరవచ్చు.