కుండ అడుగున దాగిన లెక్క



పేరెంట్స్ మీటింగ్‌లో మాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "ఆర్ట్ పీరియడ్ బదులు ఇంకో మ్యాథ్స్ క్లాసు పెట్టకూడదా?" ఈ నెల దానికి జవాబుగా అమెరికాలో తయారైన కొన్ని కుండీల కథ చెబుతాం.

పాత బడిలో వెలిగిన బట్టీ

1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన ప్రదర్శనలో జపాన్ పింగాణీ చూసి, సిన్సినాటి నగరానికి చెందిన మరియా లాంగ్‌వర్త్ నికొల్స్ ముగ్ధురాలయ్యారు. పింగాణీ మీద బొమ్మలు వేయడం అప్పటికే ఆమెకు ఇష్టమైన వ్యాపకం. 1880లో ఆమె తండ్రి వేలంలో కొన్న పాత బడి భవనంలోనే బట్టీ పెట్టి, రూక్‌వుడ్ పాటరీని ప్రారంభించారు. 1887లో జపాన్ చిత్రకారుడు కటారో షిరాయమదాని వచ్చి చేరారు. 1889లో పారిస్ ప్రదర్శనలో రూక్‌వుడ్‌కు బంగారు పతకం దక్కింది.

బొమ్మ వేసిన కళాకారులు కుండీ అడుగున తమ గుర్తు కూడా వేసేవారు. అందుకే ఏ కుండీ ఎవరి చేతి పనో సేకర్తలు ఈనాటికీ చెప్పగలుగుతున్నారు. కంపెనీ 1941లో దివాలా తీసింది. ఆ తర్వాత చేతులు మారి, 1967లో మూతపడి, మళ్లీ సిన్సినాటిలోనే తెరుచుకుంది.

కూతురి పేరిట కాలేజీ

రెండో కథ న్యూ ఆర్లియన్స్‌ది. జోసెఫిన్ న్యూకూంబ్ అనే తల్లి, 15 ఏళ్లకే చనిపోయిన కూతురు సోఫీ జ్ఞాపకంగా 1886లో అమ్మాయిల కాలేజీ పెట్టించారు. చదువు పూర్తి చేసిన అమ్మాయిలు కళతోనే సంపాదించుకోవాలని 1895లో ఆ కాలేజీ పాటరీ విభాగం మొదలుపెట్టింది. సారె మీద కుండ చేసేది జోసెఫ్ మేయర్. దాని మీద తమ ఊరి చెట్లు, పూలు చెక్కి రంగులు వేసేది అమ్మాయిలు. ఏ రెండు కుండీలూ ఒకేలా ఉండకూడదన్నది వాళ్ల పద్ధతి. 1900లో పారిస్‌లో వీరికి కాంస్య పతకం వచ్చింది. అంటే వారి ఆర్ట్ క్లాసు వారికి జీవనాధారం కూడా అయింది.

ఇంట్లో మీ పిల్లలతో

రూక్‌వుడ్ 1886లో తన పేరులోని రెండు అక్షరాలను కలిపి ఒక ముద్ర తయారు చేసింది. 1887లో దానికి ఒక జ్వాల గుర్తు చేర్చింది. తర్వాత ఏటా ఒక్కో జ్వాల పెంచుతూ 1900 నాటికి 14 చేసింది. 1901 నుంచి జ్వాలలు పెంచకుండా, ఏడాదిని కింద రోమన్ అంకెల్లో వేసింది.

1. ముద్ర చుట్టూ 9 జ్వాలలున్న కుండీ ఏ ఏడాదిది?
2. 14 జ్వాలలు, కింద రోమన్ అంకెల్లో 7 ఉంటే?

లెక్క అయ్యాక పిల్లలకు కాస్త బంకమట్టి ఇవ్వండి. గిన్నె వంకరగా వచ్చినా సరిచేయకండి. అడుగున వాళ్ల పేరు, ఏడాది గీయనివ్వండి. పదేళ్ల తర్వాత ఆ గిన్నెను తిరగేసి చూస్తే, ఈ నెల మార్కుల షీట్ కన్నా అదే ఎక్కువ గుర్తుచేయవచ్చు.

జవాబులు: 1) 1895 2) 1907